స్లే ది స్పైర్‌లో చేతిలో ఏది ఉంచాలి, ఏది వదలాలి: రిటెయిన్, రూనిక్ పిరమిడ్ లెక్కలు

కార్డులు ఆడి శత్రువులతో పోరాడే వీడియో గేమ్ స్లే ది స్పైర్ గురించి వచ్చిన ప్రశ్నలో రెండు సమస్యలున్నాయి. ఒకటి: సైలెంట్ అనే పాత్రతో మొదటి బాస్ తర్వాత రూనిక్ పిరమిడ్ (టర్ను చివర చేతిలోని కార్డుల్ని పారేయకుండా ఉంచే రెలిక్, అంటే ఆటంతా పనిచేసే వస్తువు) తీసుకుంటే, రెండో యాక్ట్‌లో చేతి నిండా కార్డులుండీ ఆడటానికి పనికొచ్చేది ఒక్కటీ ఉండట్లేదు. డెక్‌లో 22 కార్డులు, వాటిలో 4 స్ట్రైకులు (మామూలు దాడి కార్డులు), 5 డిఫెండులు (బ్లాక్, అంటే దెబ్బని ఆపే కవచం ఇచ్చేవి), ఒక నార్మాలిటీ శాపం. రెండు: వాచర్ అనే పాత్రతో రిటెయిన్ కార్డులు (టర్ను చివర చేతిలోనే నిలిచేవి) పట్టుకుని కూర్చుంటే ఫైటు సాగిపోతోంది, ముందే వాడేస్తే అసలు అవసరానికి ఉండట్లేదు.

రెండింటికీ మూలం ఒకటే. కార్డుని దాచుకోవచ్చు, కార్డు ఆడటానికి ఖర్చయ్యే ఎనర్జీని దాచుకోలేం. ఈ టర్ను 3 ఎనర్జీ ఈ టర్నుతోనే పోతుంది. వచ్చే టర్నులోనూ 3 మాత్రమే వస్తుంది. చేతిలో పది మంచి కార్డులున్నా వాటిలో ఆడగలిగేవి మూడో నాలుగో. అందుకే ఒక కార్డుని ఆపుకునే ముందు అది మంచిదా కాదా అని కాదు చూడాల్సింది, ఆడే రోజున అది ఒక్కో ఎనర్జీకి ఎంత పని చేస్తుందో చూడాలి.

మొదటి యాక్ట్ బాసుల్లో ఒకటైన హెక్సాఘోస్ట్‌నే తీసుకోండి. మొదటి టర్ను ఏమీ చేయదు. రెండో టర్నులో ఆరు దెబ్బలు కొడుతుంది. ఒక్కో దెబ్బ మీ హెచ్‌పీని (ప్రాణబలాన్ని) 12తో భాగించి ఒకటి కలిపినంత. 72 హెచ్‌పీ ఉంటే 7 చొప్పున ఆరు, మొత్తం 42. దీనికోసం మొదటి టర్నులో అయిదు డిఫెండులు దాచుకున్నారనుకోండి. రెండో టర్నులో 3 ఎనర్జీకి మూడే ఆడగలరు, 15 బ్లాక్. మిగతా రెండూ దండగ. అదే మొదటి టర్నులో ఒక ఎనర్జీతో వెల్ లెయిడ్ ప్లాన్స్ (టర్ను చివర ఒక కార్డుని ఆపుకోనిచ్చేది) వేసి, పియర్సింగ్ వెయిల్ ఒక్కటి ఆపుకుంటే? రెండో టర్నులో ఒక ఎనర్జీకి హెక్సాఘోస్ట్ బలం 6 తగ్గుతుంది. 7 కాస్తా 1 అవుతుంది, 42 కాస్తా 6 అవుతుంది. ఇంకా రెండు ఎనర్జీలు మీ చేతిలోనే ఉంటాయి. దాచుకోదగిన కార్డంటే ఇదీ: చవకగా ఉండాలి, సమయానికి పడితే పదింతలు పని చేయాలి, ఏ టర్నులో వాడతారో ముందే చెప్పగలగాలి.

ఇప్పుడు పిరమిడ్ లెక్క. చాలామంది ఇక్కడే తప్పు అంచనా వేస్తారు.

ఈ ఆటలో ఆపుకున్న కార్డులు మీ డ్రాని తగ్గించవు. చేతిలో ఎన్ని ఉన్నా వాటిపైన అయిదు వస్తాయి, మొత్తం పది దాటనంత వరకు. అంటే టర్ను ముగిసేటప్పటికి చేతిలో అయిదు లేదా అంతకన్నా తక్కువ ఉంటే వాటిని ఉంచుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఆరోది నుంచి ఒక్కో కార్డుకీ ఒక్కో డ్రా అద్దె కట్టాలి. ఏడు ఉంచుకుంటే మూడే కొత్తవి వస్తాయి. గుర్తుపెట్టుకోవాల్సిన సంఖ్య 5. రింగ్ ఆఫ్ ది సర్పెంట్ రెలిక్ ఉంటే టర్నుకి ఆరు డ్రా కాబట్టి ఆ హద్దు 4. స్నెకో ఐ రెలిక్ ఉంటే ఏడు డ్రా, హద్దు 3.

సగటున ఎనర్జీకి ఒక కార్డు చొప్పున ఆడే డెక్‌తో ఇలా నడుస్తుంది. మొదటి టర్ను 5 వస్తాయి, 3 ఆడితే 2 మిగులుతాయి. రెండో టర్ను 7, ఆడాక 4. మూడో టర్ను 9, ఆడాక 6. నాలుగో టర్నులో నాలుగే వస్తాయి, పది నిండుతుంది, ఆడాక 7. అయిదో టర్ను నుంచి మూడు వస్తాయి, మూడు పోతాయి, అంతే. ఈ స్థితికి చేరడం దాదాపు తప్పదు. తేడా అంతా ఆ మిగిలిన ఏడు కార్డుల్లో ఏమున్నాయన్నదే. అవి పనికొచ్చేవైతే ప్రతి టర్నులో పదిలోంచి మూడు ఎంచుకునే హక్కు మీది. పిరమిడ్ లేనివాడు అయిదులోంచే ఎంచుకుంటాడు. అదే ఆ ఏడూ స్ట్రైకులు, గాయాలు, శాపాలు అయితే మీరు మూడింట్లోంచి మూడు ఎంచుకుంటున్నారు, అంటే పిరమిడ్ లేనివాడికన్నా అధ్వాన్నం. మీకు జరుగుతున్నది సరిగ్గా ఇదే.

రమ్మీ ఆడినవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. దేనికీ అతకని రాజు, రాణి చేతిలో ఉంటే ఒక్కోటి పది పాయింట్ల బరువు. కాకపోతే రమ్మీలో ఒకటి ఎత్తితే ఒకటి దించి తీరాలి. ఇక్కడ దించే దారి ఆట ఇవ్వదు, మీరే డెక్‌లో పెట్టుకోవాలి.

సైలెంట్‌కి ఆ దారి మొదటి నుంచే ఉంది. సర్వైవర్ 8 బ్లాక్ ఇచ్చి ఒక కార్డుని పారేస్తుంది. పిరమిడ్ ఉన్నప్పుడు ఆ పారేయడమే అసలు వరం, బ్లాక్ దాని వడ్డీ. ఆక్రోబాటిక్స్ మూడు తీసి ఒకటి పారేస్తుంది, కానీ చేయి నిండా ఉన్నప్పుడు మొదటే ఆడితే గొప్ప తప్పు: పదిలోంచి అది బయటికొస్తే తొమ్మిది, ఒక్కటే డ్రా అవుతుంది, మిగతా రెండూ రావు. డ్రా కార్డు ఏదైనా సరే, ముందు మిగతావి ఆడి ఖాళీ చేసుకుని తర్వాత వేయాలి. పిరమిడ్ లేనప్పుడు డ్రా ముందు, తక్కినవి తర్వాత అనే అలవాటు ఇక్కడ తిరగబడుతుంది. టూల్స్ ఆఫ్ ది ట్రేడ్ దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి. ప్రతి టర్ను మొదట్లో ఒకటి తీసి ఒకటి పారేస్తుంది, ఎనర్జీ లేకుండా చెత్త ఊడ్చినట్టే. కాన్సంట్రేట్ మూడు పారేసి 2 ఎనర్జీ ఇస్తుంది. మామూలుగా మూడు పారేయడం నొప్పి, ఇక్కడ అదే మందు.

రిఫ్లెక్స్, టాక్టీషియన్ గురించి ఒక మాట. ఇవి కార్డు ప్రభావంతో పారేస్తేనే పనిచేస్తాయి, టర్ను చివర ఆటే తీసేస్తే పనిచేయవు. కాబట్టి పారేసే కార్డు దొరికేదాకా ఇవి చేతిలో నిలవడం పిరమిడ్ వల్లనో వెల్ లెయిడ్ ప్లాన్స్ వల్లనో వచ్చే నిజమైన లాభం. అయితే పిరమిడ్ ఉన్నాక వెల్ లెయిడ్ ప్లాన్స్ తీసుకోవడం వట్టి వృథా. అన్నీ ఎలాగూ ఉంటాయి కదా.

దారి లేనప్పుడు చేయాల్సింది: వదిలించుకోవడానికే ఆడటం. శత్రువు కొట్టని టర్నులో ఒక ఎనర్జీ మిగిలితే మామూలుగా డిఫెండు ఆడరు. పిరమిడ్‌తో, టర్ను చివర చేతిలో ఆరు మిగిలేలా ఉంటే ఆడండి. ఆ 5 బ్లాక్ గాలికి పోయినా ఒక కుర్చీ ఖాళీ అయింది, రేపు ఒక కొత్త కార్డు ఎక్కువ చూస్తారు. చేతిలో నాలుగే మిగిలేలా ఉంటే మాత్రం ఆడొద్దు, రేపటి దెబ్బకి ఉంచండి. స్లైమ్డ్ అనే చెత్త కార్డు వచ్చినా ఇదే లెక్క: ఖాళీ ఎనర్జీ ఉన్న మొదటి టర్నులోనే ఒకటి ఖర్చుపెట్టి ఎగ్జాస్ట్ చేసేయాలి, అంటే ఆ ఫైటు నుంచి తీసేయాలి.

చెత్తలోనూ రకాలున్నాయి. డేజ్డ్, వాయిడ్ ఈథీరియల్ కాబట్టి పిరమిడ్ ఉన్నా టర్ను చివర వాటంతటవే ఎగ్జాస్ట్ అయిపోతాయి. వాటి గురించి దిగులొద్దు. పదో అసెన్షన్ (కష్టం స్థాయి) నుంచి మెడకు తగిలే అసెండర్స్ బేన్ కూడా అంతే. భయపడాల్సింది గాయానికి, అదే ఊండ్‌కి: ఆడలేం, పోదు. బుక్ ఆఫ్ స్టాబింగ్ అనే ఎలీట్ (బాస్ కాని గట్టి శత్రువు) దగ్గర బ్లాక్ దాటి తగిలిన ప్రతి దెబ్బకీ ఒక గాయం. పిరమిడ్‌తో ఆ ఫైటులో నాలుగు గాయాలు పట్టాయంటే సగం చేయి పోయినట్టే. ఆ ఎలీట్ దగ్గర కొంత దాడి వదులుకుని అయినా పూర్తిగా బ్లాక్ చేయడం లాభం. మెడికల్ కిట్ రెలిక్ ఉంటే ఈ బెడద లేదు.

శాపాల్లో నార్మాలిటీ పరమ ఘోరం. చేతిలో ఉన్నంతసేపు టర్నుకి మూడు కార్డులే. మామూలుగా అది ఒక టర్ను కనిపించి పోయే పీడ. పిరమిడ్‌తో వచ్చిందంటే ఆ ఫైటు అయ్యేదాకా ఇంటి అల్లుడే. పెయిన్ కూడా ఆ జాతే, ఇంకో కార్డు ఆడిన ప్రతిసారీ 1 హెచ్‌పీ తింటుంది. బ్లూ క్యాండిల్ రెలిక్ ఉంటే 1 హెచ్‌పీకి శాపాన్ని ఎగ్జాస్ట్ చేయొచ్చు. లేకపోతే సర్వైవర్‌తో పారేయాలి. పారేసిన క్షణం నుంచి మూడు కార్డుల గీత తొలగిపోతుంది.

మిగతా పాత్రల సంగతి క్లుప్తంగా. ఐరన్‌క్లాడ్‌కి పిరమిడ్ అంటే ఎగ్జాస్ట్ కార్డులతో ముడిపెట్టాలి. ఫియండ్ ఫైర్ 2 ఎనర్జీకి చేతిలోవన్నీ ఎగ్జాస్ట్ చేసి ఒక్కోదానికి 7 కొడుతుంది. చేయి నిండా ఉంటే తొమ్మిది కార్డులకి 63, అప్‌గ్రేడ్ చేస్తే 90. గాయాలు కూడా లెక్కలోకి వస్తాయి, ఇన్నాళ్లూ కూర్చుని తిన్నదంతా కక్కించినట్టు. సెకండ్ విండ్ అటాక్ కాని ప్రతి కార్డునీ ఎగ్జాస్ట్ చేసి 5 చొప్పున బ్లాక్ ఇస్తుంది. క్లాష్ మాత్రం పిరమిడ్‌తో చచ్చిన కార్డు. చేతిలో అన్నీ అటాకులే ఉండటం ఇక జరగదు. డిఫెక్ట్‌కి రీసైకిల్ (ఎగ్జాస్ట్ చేసిన కార్డు ఖర్చంత ఎనర్జీ ఇచ్చేది) ఒక్కటి చాలు: మీటియర్ స్ట్రైక్‌ని దాంతో ఎగ్జాస్ట్ చేస్తే 5 ఎనర్జీ. ఆ జోడీ ఒకేసారి చేతిలో పడటం మామూలుగా అదృష్టం, పిరమిడ్‌తో కాస్త ఓపిక. డిఫెక్ట్‌కే ఉన్న ఈక్విలిబ్రియం 2 ఎనర్జీకి 13 బ్లాక్ ఇచ్చి ఆ ఒక్క టర్ను చేతిని ఆపుతుంది. పిరమిడ్ లేనివాళ్లకి పెద్ద టర్ను ముందురోజు ఆడదగ్గ కార్డు.

స్నెకో ఐ, పిరమిడ్ రెండూ ఒకే రన్‌లో వద్దు. స్నెకో ప్రతి కార్డు ఖర్చునీ డ్రా అయినప్పుడు 0 నుంచి 3 మధ్య మారుస్తుంది. మళ్లీ మారాలంటే మళ్లీ డ్రా కావాలి. 3 పడ్డ స్ట్రైకు పిరమిడ్‌లో 3గానే ఉండిపోతుంది. చవకవి మీరు ఆడేస్తారు, ఖరీదైనవి పోగుపడతాయి. నాలుగో టర్నుకి చేతి నిండా 3లే. రూనిక్ డోమ్ ఒక ఎనర్జీ ఇస్తుంది కానీ శత్రువు ఏం చేయబోతున్నాడో కనపడనివ్వదు. ఏ టర్నుకి దాచాలో తెలియనప్పుడు దాచుకోవడంలో సగం విలువ పోతుంది. శత్రువుల వరసలు కంఠతా వచ్చినవాళ్లకైతే ఫరవాలేదు.

పిరమిడ్‌తో ఒక అరుదైన కానుక అపారిషన్, ఆ టర్ను ప్రతి దెబ్బనీ 1కి తగ్గించే కార్డు. రెండో యాక్ట్‌లో దెయ్యాల సభ ఈవెంట్‌లో గరిష్ఠ హెచ్‌పీ సగం ఇచ్చి 5 అపారిషన్లు తీసుకోవచ్చు, 15వ అసెన్షన్ నుంచి 3. అప్‌గ్రేడ్ చేయకపోతే ఈథీరియల్, టర్ను చివర ఆవిరైపోతాయి. అప్‌గ్రేడ్ చేసినవి మాత్రం చేతిలో నిలుస్తాయి, పెద్ద దెబ్బ పడే టర్నుకి ఒక్కోటి తీయొచ్చు. అప్‌గ్రేడ్ చేయడానికి క్యాంపులు మిగిలి ఉంటేనే ఈ బేరం.

ఇక వాచర్. మొదట ఒక అపోహ తీసేయాలి. పిరమిడ్ అంటే రిటెయిన్ కాదు. అది "పారేయవద్దు" అంటుందంతే. ఎస్టాబ్లిష్‌మెంట్ పవర్ రిటెయిన్ అయిన కార్డు ఖర్చుని ఒకటి తగ్గిస్తుంది. పిరమిడ్ వల్ల మిగిలిపోయిన మామూలు స్ట్రైకుకి ఆ తగ్గింపు రాదు, కార్డు మీద రిటెయిన్ అని ఉన్నవాటికే వస్తుంది. అలాంటివి నాలుగైదు లేకుండా ఎస్టాబ్లిష్‌మెంట్ తీసుకోవద్దు.

వాచర్ రిటెయిన్ కార్డుల్లో ఆగేకొద్దీ పెరిగేవి, ఆగినా అలాగే ఉండేవి అని రెండు జాతులు. శాండ్స్ ఆఫ్ టైమ్ 4 ఎనర్జీ, 20 దెబ్బ, ఆగిన ప్రతి టర్నుకీ ఒక ఎనర్జీ తగ్గుతుంది. సున్నా అయ్యేదాకా ఆగాలని పట్టుబట్టేవాళ్లే ఎక్కువ. మొదటి టర్నులో వస్తే సున్నా అయ్యేది అయిదో టర్నులో, మామూలు ఫైట్లు చాలావరకు అప్పటికి ముగిసిపోవాలి. మూడో టర్నులో 2 ఎనర్జీకి 20 అంటేనే, ఎనర్జీకి 6 కొట్టే స్ట్రైకుకన్నా చాలా ముందున్నారు. శత్రువుని ఆ 20తో చంపగలిగితే ఖర్చు చూడకుండా వదిలేయండి. దాచి దాచి దయ్యాల పాలు చేయడం అన్న మాట ఈ కార్డుకి అతికినట్టు మరి దేనికీ అతకదు. విండ్‌మిల్ స్ట్రైక్ 2 ఎనర్జీ, 7 దెబ్బ, ఆగిన టర్నుకి 4 పెరుగుతుంది. పెర్సెవరెన్స్ 5 బ్లాక్, టర్నుకి 2 పెరుగుతుంది. ఇవి బాసుల దగ్గర పంట, చిన్న ఫైట్లలో మామూలు కార్డులు.

అలాగే ఉండేవాటిలో ప్రొటెక్ట్, ఫ్లయింగ్ స్లీవ్స్ సులువు. దెబ్బ పడే టర్నులో మొదటిది, కొట్టే టర్నులో రెండోది. ఇబ్బంది పెట్టేవి క్రెసెండో (రాత్ అనే కోపస్థితిలోకి తీసుకెళ్లేది), ట్రాంక్విలిటీ (కామ్ అనే శాంతస్థితిలోకి తీసుకెళ్లేది). నియమం ఒకటే: రాత్‌లోంచి బయటపడే కార్డు చేతిలో ఉంటేనో, ఆ టర్నులో శత్రువు చస్తాడని లెక్క తేలితేనో క్రెసెండో వేయాలి. రాత్‌లో మీరు కొట్టేదీ రెట్టింపే, తినేదీ రెట్టింపే. ట్రాంక్విలిటీని తాళంచెవిలా చూడండి, తలుపు తెరిచే ముందు జేబులో ఉందో లేదో తడుముకోవాలి.

ఎనర్జీని దాచలేమని పైన చెప్పిన మాటకి వాచర్ దగ్గర రెండు మినహాయింపులున్నాయి. కామ్‌లో ఉండి టర్ను ముగిస్తే, తర్వాత బయటికొచ్చినప్పుడు 2 ఎనర్జీ వస్తుంది. ప్యూర్ వాటర్ రెలిక్ ఇచ్చే మిరకిల్ రిటెయిన్ కార్డు, ఎప్పుడు వేస్తే అప్పుడు 1 ఎనర్జీ. ఇవి రెండూ కలిస్తే పెద్ద టర్ను ఎలా కట్టొచ్చో చూడండి. శత్రువు కొట్టని టర్నులో ట్రాంక్విలిటీ వేసి కామ్‌లోకి వెళ్లారు. చేతిలో క్రెసెండో, రెండు టర్నులుగా ఆగిన విండ్‌మిల్, ఫ్లయింగ్ స్లీవ్స్, మిరకిల్ ఉన్నాయి. తర్వాతి టర్నులో విజిలెన్స్ డ్రా అయింది. 3 ఎనర్జీలో క్రెసెండోకి 1 పోతుంది, కామ్ వదిలినందుకు 2 వస్తుంది, మొత్తం 4. విండ్‌మిల్ 15, రాత్‌లో 30, మిగిలింది 2. స్లీవ్స్ నాలుగేసి రెండు దెబ్బలు, రాత్‌లో 16, మిగిలింది 1. మిరకిల్‌తో 2 చేసుకుని విజిలెన్స్: 8 బ్లాక్, మళ్లీ కామ్. 46 కొట్టి, రాత్‌లోంచి బయటపడి, తర్వాతి టర్నుకి మళ్లీ రెండు ఎనర్జీలు జమ. ఇందులో మిరకిల్‌ని ముందు టర్నులోనే ఒక స్ట్రైకు కోసం వాడేసి ఉంటే విజిలెన్స్‌కి ఎనర్జీ చాలక రాత్‌లోనే దొరికిపోయేవారు.

కొన్ని బాసుల దగ్గర దాచుకునే తీరు మారుతుంది. చాంప్ హెచ్‌పీ 420. సగానికి పడగానే కోపం తెచ్చుకుని తన మీదున్న డీబఫ్‌లన్నీ (బలహీనపరిచే ప్రభావాలన్నీ) దులిపేసుకుంటాడు, విషం కూడా. ఆ వెంటనే కత్తి దూస్తాడు. కాబట్టి సైలెంట్ అయితే విషాన్ని రెట్టింపు చేసే కాటలిస్ట్ కార్డుని వాడి హెచ్‌పీ 210కి దిగకముందు వాడకండి, రెట్టింపు చేసిన విషమంతా మట్టిపాలు. 220 దగ్గర దాడి ఆపి, ఒకటి రెండు టర్నులు బ్లాక్ మాత్రమే చేస్తూ దాడి కార్డులు పోగేసి, ఒక్కసారిగా గీత దాటించాలి. టైమ్ ఈటర్ పన్నెండో కార్డుకి టర్ను ముగించేస్తాడు. లెక్క 11 దగ్గర టర్ను ఆపితే రేపు ఒక్క కార్డుతో టర్ను పోతుంది. చేతిలో ఆగే కార్డులుంటే ఆ నష్టం ఎనర్జీ వరకే, లేకపోతే చేతిలోవన్నీ పోతాయి. చివరి బాస్ అయిన గుండె (ది హార్ట్) దగ్గర మాత్రం పోగేయడం తప్పు. టర్నుకి 300కి మించి దెబ్బ దానికి ఎక్కదు, 19వ అసెన్షన్ నుంచి 200కే ఆగుతుంది. 500 కొట్టే టర్ను కట్టుకున్నా మిగిలింది గాలికే.

మీ 22 కార్డుల డెక్ విషయానికొస్తే, షాపులో మొదటి తొలగింపు నార్మాలిటీకే. మొదటిసారి 75 బంగారం, తర్వాత ఒక్కోసారి 25 పెరుగుతుంది, కాబట్టి చవకగా ఉన్నప్పుడే ప్రాణాంతకమైనదాన్ని తీసేయాలి. రెండోది స్ట్రైకు, డిఫెండు కాదు, ఎందుకంటే డిఫెండుని రేపటికి ఉంచితే అప్పుడప్పుడైనా పనికొస్తుంది. ఇంకో పారేసే కార్డు దొరికేదాకా సర్వైవర్‌ని ఎప్పుడూ తీసేయొద్దు. రెండో బాస్ దగ్గర ఎనర్జీ ఇచ్చే రెలిక్ కనిపిస్తే అదే తీసుకోండి. ఎనర్జీ 4 అయితే పైన చెప్పిన లెక్కలో చివర మిగిలేవి ఏడు కాదు, ఆరు.